కొల్లేరుకు నీళ్లు పంపే ఊళ్ల సర్పంచులకు బహిరంగ లేఖ

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వాగుల వెంబడి ఉన్న పంచాయతీల సర్పంచులకు, వార్డు సభ్యులకు, నీటి సంఘాల పెద్దలకు నమస్కారం.

కొల్లేరు గురించి ఎవరు ఉత్తరం రాసినా కలెక్టరుగారికో, అటవీ శాఖకో, మంత్రిగారికో రాస్తారు. కోర్టుకు వెళ్లేవాళ్లు కోర్టుకు వెళ్తారు. మైలవరం గుట్టల కింద పంచాయతీ నడిపే మనిషిని, నూజివీడు మామిడి తోటల మధ్య ఉన్న ఊరి సర్పంచిని, చింతలపూడి మెట్టలో నీటి సంఘం చూసుకునే రైతును ఎవరూ అడగరు. 'మీ ఊరి వాగు చివరికి కొల్లేరులోనే కలుస్తుంది కదా, దాని గురించి మీ పంచాయతీ ఏమనుకుంటోంది?' అన్న ప్రశ్న ఇంతవరకూ మీ గ్రామసభలో వచ్చి ఉండదు. ఆ ప్రశ్న అడగడానికే ఈ లేఖ.

నేను కైకలూరు వైపు లంక గ్రామంలో పుట్టాను. మా చుట్టాల్లో చేపల చెరువులు ఉన్నవాళ్లున్నారు. భూమి లీజుకిచ్చి ఆ డబ్బుతో పిల్లల్ని చదివించుకున్నవాళ్లున్నారు. చేపల వేట తప్ప ఇంకో పని తెలియని వడ్డి కులస్థుల కుటుంబాలతో కలిసి పెరిగాను. చెరువు గట్లు నీటికి అడ్డం పడి ఏటా వరి మునిగే రైతులూ నాకు తెలుసు. ఒకరి తరఫున ఇంకొకరి మీద ఫిర్యాదుగా దీన్ని చదవొద్దని ముందే మనవి చేస్తున్నాను.

కొల్లేరు ఎలా పెరుగుతుందో, ఎలా తగ్గుతుందో చెబితే మిగతా విషయం తేలిగ్గా అర్థమవుతుంది. కృష్ణా డెల్టాకు, గోదావరి డెల్టాకు మధ్య పల్లంలో పరుచుకున్న సరస్సు ఇది. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. నీటిమట్టం సముద్ర మట్టానికి 3 అడుగుల ఎత్తులో ఉంటే సరస్సు 135 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. 5 అడుగులకు చేరితే 308 అవుతుంది. 10 అడుగులకు చేరితే 901. అంటే రెండడుగుల నీళ్లు పెరిగేసరికి సరస్సు రెట్టింపు దాటిపోతుంది. వానాకాలంలో ఒడ్డు కిలోమీటర్ల కొద్దీ ఊళ్ల వైపు జరుగుతుంది, ఎండాకాలానికి అంత దూరమూ వెనక్కి పోతుంది.

ఏడాదిలో సగం కాలం నీళ్లలో, సగం కాలం ఎండలో ఉండే ఆ నేలే కొల్లేరుకు ప్రాణం. కిక్కిస, తుంగ, జమ్ము పెరిగేది అక్కడే. వాగు మోసుకొచ్చిన ఒండ్రు ఆ గడ్డి మొదళ్ల దగ్గర ఆగి అడుగుకు చేరుతుంది. పొలాల నుంచి కొట్టుకొచ్చిన ఎరువును ఆ వేళ్లు పీల్చుకుంటాయి. తొలకరి నీళ్లు ఎక్కగానే చేపలు గుడ్లు పెట్టడానికి ఆ పలచటి నీళ్లలోకే వస్తాయి. కొర్రమీను తన పిల్లల్ని ఆ నాచులోనే కాపాడుకుంటుంది. ఆటపాక పక్షుల కేంద్రం దగ్గర గూడబాతులు పిల్లల్ని సాకుతున్నాయంటే వాటికి మేత దొరికేది ఈ నీళ్లలోనే. నీరు తీసిన చోట వెనకటికి దాళ్వా వరి కూడా పండించుకునేవాళ్లు. భూమి లేని ఇంటికి ఆ బురదనేల ఒక మావు (చేపలు పట్టే బోను) చేపలనో, ఒక మోపు గడ్డినో ఇచ్చేది. ఎవరి పేరునా పట్టా లేని ఆస్తి కాబట్టి పేదవాడికి అందులో వాటా దొరికేది.

సరిగ్గా ఆ నేల మీదే గట్లు లేచాయి. 1970ల్లో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులను ప్రోత్సహించింది. అందులో తప్పు పట్టడానికి లేదు, లంకల్లో జనం తిండికి కష్టపడుతున్న రోజులవి. తర్వాత సంఘాల చెరువుల చుట్టూ పెద్దవాళ్ల చెరువులు వచ్చాయి. బయటి పెట్టుబడి వచ్చింది. లీజు డబ్బు ఊరికి, లాభం ఇంకెక్కడికో అన్నట్టు తయారైంది. ఒక్కో గట్టు వేసినప్పుడల్లా నీళ్లు పరుచుకునే చోటు అంత మేర తగ్గింది.

1999లో 5 అడుగుల కాంటూరు వరకు, అంటే సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తున గీసిన గీత వరకు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది. 2006లో సుప్రీం కోర్టు ఆదేశాల మీద చెరువుల గట్లు పగలగొట్టారు. 2008లో అభయారణ్యాన్ని 5 నుంచి 3 అడుగులకు కుదించాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. దాన్ని పరిశీలించిన అజీజ్ కమిటీ కుదించొద్దని, లోపల ఉన్న పట్టా భూములకు పరిహారం ఇచ్చి తీసుకోవాలని చెప్పింది. ఈలోగా కొట్టేసిన చెరువుల్లో చాలా వరకు మళ్లీ లేచాయి. 2025లో సుప్రీం కోర్టు తరఫున కేంద్ర సాధికార కమిటీ వచ్చి మళ్లీ అందరి మాటలూ విన్నది.

ఇన్నేళ్ల గొడవా ఒక్క గీత గురించే. 5 ఉండాలా, 3 ఉండాలా. నా మటుకు నేను 5 అడుగుల గీతను కదల్చకూడదనే అంటాను. 3 దాకా కుదిస్తే పైన చెప్పిన బురదనేల దాదాపు అంతా చెరువులకే పోతుంది, మిగిలేది నడిమి నీళ్లు మాత్రమే. అదే సమయంలో గీత లోపల జిరాయితీ భూమి ఉన్న చిన్న రైతుకు పరిహారం ఇవ్వకుండా, భూమి వాడుకోనివ్వకుండా ఇన్నేళ్లు నిలబెట్టడం అన్యాయం. అమ్ముకోలేక, పండించుకోలేక ఉన్న రైతుకు పక్షుల మీద కోపం రాకుండా ఎలా ఉంటుంది? ఆ డబ్బు ప్రభుత్వం ఇవ్వాల్సిందే, ఆలస్యం చేసిన ప్రతి ఏడూ సరస్సుకే నష్టం.

అయితే రేపు ఆ గీత సంగతి తేలిపోయి, చివరి గట్టు కూడా తీసేశారనుకుందాం. కొల్లేరు బాగుపడుతుందా? పడదు. ఎందుకంటే అందులోకి వచ్చే నీళ్ల సంగతి ఆ గీత చూసుకోదు. కొల్లేరులోకి వాలే నేల మొత్తం 6,000 చదరపు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. అందులో ముప్పాతిక భాగానికి పైగా మెట్ట. అంటే మీ ఊళ్లు. మీ గుట్టలు, మీ తోటలు, మీ చెరువులు, మీ వాగులు. అరవైకి పైగా కాలువలూ డ్రెయిన్లూ డెల్టా వైపు నుంచి వచ్చి కలుస్తాయి గానీ, వానాకాలంలో ఉరికొచ్చే వరద, ఆ వరదతో వచ్చే మట్టి ఎక్కువగా మీ వైపు నుంచే వస్తాయి. ఎండాకాలంలో రావాల్సిన సన్నటి ధార కూడా మీ వైపు నుంచే రావాలి. అది ఇప్పుడు రావడం లేదు.

ఇది మీ మీద నింద కాదండీ. మీకే ముందు దెబ్బ తగులుతోంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో ఏం జరిగిందో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. మైలవరం గుట్టల మీద పడిన వాన బుడమేరులోకి దిగింది. వెలగలేరు రెగ్యులేటరు దగ్గర నుంచి మళ్లింపు కాలువ ఆ నీటిని కృష్ణలోకి తీసుకెళ్లాలి. కాని కృష్ణే ఎన్నడూ చూడనంత వరదలో ఉంది, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మళ్లింపు కాలువ గట్టుకు గండ్లు పడ్డాయి. సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఇళ్ల మొదటి అంతస్తు దాకా నీళ్లెక్కి, తాగే నీళ్లు లేక జనం డాబాల మీద నిలబడి హెలికాప్టరు కోసం చూశారు.

టీవీలో బెజవాడ కనిపించింది. ఆ తర్వాత అదే నీళ్లు కొల్లేరు మీద పడ్డ సంగతి అంతగా కనిపించలేదు. ఏలూరు-కైకలూరు రోడ్డు చిన ఎడ్లగాడి దగ్గర మునిగి రాకపోకలు ఆగిపోయాయి. లంకలకు పడవలే దిక్కయ్యాయి. మైలవరం, విజయవాడ, కొల్లేరు లంకలు ఒకే నీటి దారి మీద ఉన్నాయని ఆ వారం అందరికీ తెలిసింది. తర్వాత మాత్రం ఎవరి దారి వారిదైంది. బెజవాడ వాళ్లు బుడమేరు ఆక్రమణల గురించి మాట్లాడుకున్నారు, మేము కొల్లేరు నీళ్లను సముద్రంలోకి తీసుకెళ్లే ఉప్పుటేరు గురించి మాట్లాడుకున్నాం, ఎగువ ఊళ్లలో ఎవరూ ఏమీ అడగలేదు.

బుడమేరును దుఃఖదాయిని అని రాయడం పత్రికలకు అలవాటు. ఆ మాట నాకు నచ్చదు. వాగు దాని పని అది చేసుకుంటోంది. గుట్టను గ్రావెల్ కోసం గీకేసిన చోట వాన ఆగదు. ఊరి చెరువు పూడిపోయి, చెరువులోకి నీళ్లు తెచ్చే కాలువ మీద ఇళ్లు లేచాక ఆ చెరువు వరదను పట్టుకోలేదు. వాగు పోరంబోకును రెండు వైపుల నుంచీ దున్నుకుంటూ వచ్చాక వాగు ఎక్కడ పారాలి? వెనకటికి రెండు మూడు రోజుల మీద దిగే నీళ్లు ఇప్పుడు కొన్ని గంటల్లో దిగితే ఏ రెగ్యులేటరూ, ఏ గట్టూ చాలవు. మళ్లింపు కాలువను వెడల్పు చేస్తామంటున్నారు. చేయాల్సిందే. ఎగువన నీళ్లను నెమ్మదింపజేసే పని మాత్రం ఆ కాలువ చేయలేదు. అది గ్రామాల్లోనే జరగాలి.

తమ్మిలేరు సంగతీ అంతే. ఖమ్మం జిల్లా వైపు నుంచి మొదలై, నాగిరెడ్డిగూడెం దగ్గర రిజర్వాయరు దాటి, ఏలూరు దగ్గర రెండుగా చీలి కొల్లేరులో కలుస్తుంది. ఎగువన రాష్ట్రం మారిపోతుంది కాబట్టి కష్టం ఇంకొంచెం ఎక్కువ. వాగుకు రాష్ట్ర సరిహద్దు తెలియదు కదా. సత్తుపల్లి వైపు ఊళ్ల సర్పంచులకు కూడా ఈ లేఖ చేరితే సంతోషిస్తాను.

'మా చేతిలో ఏముందండీ, ఫండ్సు లేవు, అధికారం లేదు' అని మీరు అంటారని తెలుసు. ఫండ్సు విషయంలో మీ మాట చాలా వరకు నిజమే. అధికారం మాత్రం ఉంది, కాగితం మీదైనా ఉంది. 73వ సవరణతో రాజ్యాంగంలో చేర్చిన పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన అంశాలు 29 ఉన్నాయి. రెండోది భూమి అభివృద్ధి, నేల సంరక్షణ. మూడోది చిన్న నీటి పారుదల, నీటి యాజమాన్యం, వాటర్‌షెడ్ అభివృద్ధి. ఐదోది చేపల పెంపకం. రోడ్లు పదమూడో అంశం. ఏటా మీరు తయారుచేసే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో సీసీ రోడ్డు, డ్రైను, వీధి దీపాలు ముందు వరసలో ఉంటాయి, వాగు చివరి పేజీకి కూడా రాదు. ఓటరు అడిగేది రోడ్డే కాబట్టి అలా అవుతోంది, అర్థం చేసుకోగలను. వాగు సంగతి కూడా ఓటరు అడిగేలా చేయడం మన అందరి పని.

మీరు మొదలుపెట్టగల పని ఒకటి చెబుతాను. దానికి పెద్ద ఖర్చు లేదు. మీ ఊరి పాత ఆర్.ఎస్.ఆర్. (భూముల రీసెటిల్‌మెంట్ రిజిస్టరు), ఎఫ్.ఎం.బి. (సర్వే కొలతల పుస్తకం) కాగితాలు తీయించండి. వాగు ఏ సర్వే నంబర్లలో ఉంది, ఏ చోట ఎన్ని లింకుల వెడల్పు చూపించారు, చెరువు విస్తీర్ణం ఎంత, ఆ చెరువులోకి నీళ్లు తెచ్చే కాలువ ఎటు నుంచి వస్తుంది, అలుగు నీళ్లు ఎటు పోవాలి అన్నది ఆ కాగితాల్లో ఉంటుంది. మీ సచివాలయం సర్వేయరును, ఊళ్లో వాగు సంగతి బాగా తెలిసిన పెద్దవాళ్లను ఇద్దరు ముగ్గురిని వెంట పెట్టుకుని వాగు వెంబడి నడవండి. కాగితంలో ఉన్న వెడల్పు, నేల మీద ఉన్న వెడల్పు పక్కపక్కన రాయించండి. వరద ఎంతవరకు వచ్చిందో పెద్దవాళ్లు చూపించిన చోట గుర్తు పెట్టించండి. ఆ నాలుగు పేజీల లెక్క గ్రామసభలో చదివి వినిపించండి.

ఇందులో మనసు కష్టపెట్టుకునే విషయం ఒకటుంది, దాచి లాభం లేదు. వాగు పోరంబోకు దున్నుకుంటున్నవాళ్లలో మీ ఓటర్లుంటారు, బంధువులుంటారు, కొన్ని చోట్ల మీరే ఉంటారు. అందరినీ ఒకేసారి ఖాళీ చేయించమని నేను అడగడం లేదు. ఇల్లు కట్టుకున్న పేదవాడిని వీధిలో పడేయమని అసలే అడగను, అతనికి ముందు ఇంకో చోటు చూపించాలి. పంట వేసుకున్నవాళ్లు వాగు అంచున కొన్ని గజాలైనా వదిలితే చాలు, మొదటి మెట్టు అదే. ఆ అంచున కానుగ, నేరేడు, వెదురు లాంటివి పెంచితే గట్టు కోసుకుపోదు, పొలం మట్టి పొలంలో ఉంటుంది. ఎవరు ఎన్ని గజాలు వదిలారో గ్రామసభలో అందరి ముందూ చెప్పుకుంటే ఒకరిని చూసి ఒకరు వదులుతారు. మనుషులు మంచిపనిలో కూడా పక్కవాడితో పోటీపడతారు, మెట్ట ఊళ్లలో నేను చూశాను.

మిగతా పనులు మీకు కొత్తవి కావు. చెరువుల పూడిక, వాలుకు అడ్డంగా కందకాలు, పంట కుంటలు, చిన్న చెక్ డ్యాములు ఉపాధి హామీ పనుల్లో ఎన్నోసార్లు చేశారు. నా కోరిక ఒక్కటే. పని దినాలు పూర్తి చేయడానికి ఎక్కడో ఒక చోట గుంత తవ్వి వదిలేయకుండా, వాగు పైనుంచి కిందకు వరసగా పని జరగాలి. పైన కందకాలు లేకుండా కింద చెరువు పూడిక తీస్తే రెండేళ్లలో మళ్లీ పూడుతుంది. ఆ వరస నిర్ణయించుకోవాలంటే పై ఊరు, కింది ఊరు కలిసి కూర్చోవాలి. ఇప్పుడు ఒక్కో పంచాయతీ ఎస్టిమేటు ఒక్కోలా ఉంటుంది, వాగు మాత్రం ఒక్కటే.

మామిడి, పామాయిల్, మొక్కజొన్న వేసే రైతులకు ఒక మాట. మీరు చల్లిన యూరియాలో పంటకు అందకుండా వానకు కొట్టుకొచ్చింది చివరికి మా దగ్గర గుర్రపుడెక్కగా మొలుస్తుంది. అది ఒకసారి కమ్ముకుంటే పడవ నడవదు, వల పడదు, కింద నీళ్లలో గాలి ఆడక చేప చచ్చిపోతుంది. వాన ముందు రోజు ఎరువు చల్లకపోవడం మీ డబ్బుకూ మంచిదే.

ఏలూరు, విజయవాడ పట్టణాల మురుగు గురించి ఇక్కడ ఎక్కువ రాయను. శుద్ధి చేయకుండా డ్రెయిన్లలోకి వదిలే మురుగు నగరపాలక సంస్థల బాధ్యత, దానికి సాకులు చెప్పే రోజులు పోయాయి. పంచాయతీలు మాత్రం చెత్తను డ్రెయిను గట్టు మీద పోయించడం ఈ ఏడే మానేయగలవు.

కొల్లేరు లోపలి ఊళ్ల సర్పంచులకు, మా వాళ్లకు కూడా రెండు మాటలు చెప్పకపోతే ఈ లేఖ న్యాయంగా ఉండదు. ఎగువ ఊళ్లను వాగు అంచు వదలమని అడిగే హక్కు మనకు రావాలంటే మన గట్లు మనం చూసుకోవాలి. ఏలూరు, దెందులూరు, భీమడోలు, ఉంగుటూరు, నిడమర్రు, ఆకివీడు, కైకలూరు, మండవల్లి, పెదపాడు మండలాల్లో నీరు పారే దారికి అడ్డంగా ఉన్న గట్లు ఏవో ఊరందరికీ తెలుసు. ఆ గట్ల పేర్లు చెప్పడానికి ఎవరికీ ధైర్యం లేదు. గీతకు బయట చట్టబద్ధంగా ఉన్న చెరువుల యజమానులు కూడా చేపల పట్టుబడి అయిపోయాక బురద నీటిని, మేత మిగులును, మందులను ఒక్కసారిగా డ్రెయినులోకి వదిలేస్తారు. దాన్ని కొన్నాళ్లు నిలవబెట్టే ఒక చిన్న మడి, బయటికి పోయే చోట ఒక పట్టీ కిక్కిస ఉంచుకుంటే చాలా వరకు అడ్డుకోవచ్చు. కొంత చోటు పోతుంది, నిజమే. కొల్లేరు నీళ్లు చెడితే అదే నీళ్లు తోడి నింపుకునే చెరువుల్లో రోగాలొచ్చి పోయే డబ్బు ముందు ఆ చోటు లెక్కలోది కాదు.

వేట హక్కు కూడా ప్రణాళికలో రాసి ఉండాలి. వలలతో, మావులతో చేసే సంప్రదాయ వేటకు, కిక్కిస కోతకు ఎక్కడ, ఏ నెలల్లో అనుమతి, చేపలు గుడ్లు పెట్టే నెలల్లో ఎక్కడ వద్దు అన్నది వడ్డి కుటుంబాల పెద్దలే కూర్చుని తేల్చాలి. వాళ్లకు తెలిసినంత ఏ శాఖకూ తెలియదు. చేపలు ఎండబెట్టి, గంపలో పెట్టి అమ్ముకునే ఆడవాళ్లు కూడా ఆ సమావేశంలో కుర్చీ వేసుకుని కూర్చోవాలి.

ఉప్పుటేరు సంగతి చెప్పాలి. ఇంత పెద్ద సరస్సుకు సముద్రంలోకి దారి అదొక్కటే. 60 కిలోమీటర్ల పొడవున మెలికలు తిరుగుతూ పోతుంది. పూడిక, ఆక్రమణలు, ఇరుకు వంతెనలు దాని గొంతు నొక్కాయి. వానాకాలంలో నీళ్లు త్వరగా దిగవు. ఎండాకాలంలో పోటుకు ఉప్పునీళ్లు ఎదురెక్కి వస్తాయి. రెగ్యులేటరు కడితే అన్నీ సర్దుకుంటాయని మా వైపు చాలామంది నమ్మకం. ఉప్పునీటిని ఆపడానికి అది అవసరమే కావచ్చు. కాని గేట్లు మూసి నిలబెట్టడానికి ఎండాకాలంలో మంచినీళ్లు ఎగువ నుంచి రావాలి కదా. మెట్టలో చెరువులు నిండి, భూమి తడి పట్టుకుని, వాగులు మాఘం దాకా సన్నగానైనా పారితేనే ఆ గేట్లకు అర్థం ఉంటుంది. ఎటు తిరిగి వచ్చినా మాట మళ్లీ మీ ఊళ్ల దగ్గరికే వస్తోంది.

ఇదంతా జరిగే పనేనా అంటే, మన పక్క రాష్ట్రంలోనే జరిగింది. ఒడిశాలో చిలికా సరస్సు పూడిపోయి, సముద్రపు ముఖద్వారం మూసుకుపోయి, చేపలు తగ్గి, 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాలోకి ఎక్కింది. అప్పటికే ఆ రాష్ట్రం చిలికా అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేసింది. 2000 సెప్టెంబరులో సముద్రంలోకి కొత్త ముఖద్వారం తెరిచారు. అందరికీ గుర్తున్నది ఆ ముఖద్వారమే. దానితోపాటు ఎగువన పరీవాహక ప్రాంతంలో చిన్న చిన్న వాటర్‌షెడ్లుగా విడదీసి, ఊరివాళ్ల సంఘాలతోనే మట్టి కోతను ఆపే పనులు కూడా చేయించారు. చేపలు మళ్లీ పెరిగాయి. 2002లో ఆ జాబితా నుంచి చిలికా పేరు తీసేశారు. మన కొల్లేరు రాంసర్ జాబితాలో చేరింది కూడా సరిగ్గా అదే ఏడాది. వాళ్లకు ఒక సంస్థ, ఒక ప్రణాళిక, ఎగువ దిగువలను కలిపి చూసే ఒక బల్ల ఉన్నాయి. మనకు అటవీ శాఖ వేరు, జలవనరుల శాఖ వేరు, మత్స్య శాఖ వేరు, రెవెన్యూ వేరు. నాలుగు శాఖలూ నాలుగు మ్యాపులు పెట్టుకున్నాయి.

ఆ బల్లను ప్రభుత్వం వేసేదాకా ఆగొద్దని నా విన్నపం. వాగుకొక సభ పెట్టుకుందాం. బుడమేరు ఊళ్లకు ఒకటి, తమ్మిలేరు ఊళ్లకు ఒకటి, రామిలేరు, గుండేరులకు కలిపి ఒకటి, ఉప్పుటేరు ఊళ్లకు ఒకటి. ఏడాదికి రెండుసార్లు కలిస్తే చాలు. మృగశిర రాకముందు ఒకసారి ఎక్కడ పూడిక తీశాం, ఎక్కడ తీయలేదు అని చూసుకోవాలి. వానలు తగ్గాక ఒకసారి ఎక్కడ మునిగింది, ఎందుకు మునిగింది అని రాసుకోవాలి. నాలుగు సభల నుంచి ఇద్దరిద్దరు కలిసి కొల్లేరు మొత్తానికి ఒక్క ప్రణాళిక తయారు చేయాలి. అది జిల్లా ప్రణాళికా సంఘాల ముందు పెట్టాలి. ఎన్టీఆర్, ఏలూరు, కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాలన్నీ అందులోకి వస్తాయి. కొన్ని వందల పంచాయతీలు సంతకం పెట్టిన కాగితాన్ని ఏ అధికారీ తేలిగ్గా పక్కన పెట్టలేడు. కోర్టులో కూడా ఊళ్లు కలిసి రాసుకున్న ప్రణాళికకు బలం ఉంటుంది. ఇప్పటిదాకా కోర్టు ముందు సరస్సు ఒక పక్షంగా, జనం ఇంకో పక్షంగా నిలబడుతున్నారు. ఆ పరిస్థితి నాకు బాధగా ఉంటుంది. కొల్లేరు మీద బతికే జనమే కొల్లేరు తరఫున మాట్లాడాలి.

మొదటి సమావేశానికి నాకు తోచిన చోటు కొల్లేటికోట. ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతరకు చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం ఎలాగూ వస్తారు. అప్పటికి కోతలు అయిపోతాయి, ఎండాకాలం ఉపాధి పనులు ఇంకా మొదలుకావు, ఎస్టిమేట్లు మార్చుకోవడానికి సమయం ఉంటుంది. మెట్ట ఊళ్ల సర్పంచులు ఒకసారి పడవెక్కి తమ వాగు నీళ్లు ఎక్కడ చేరుతున్నాయో చూస్తారు. తర్వాతి సభకు మేము మైలవరం గుట్టల దగ్గరికి వస్తాం, మీరు మాకు చూపించాల్సినవి చూపించండి.

వచ్చేటప్పుడు మీ ఊరి వాగు వెడల్పు లెక్క, పాత ఎఫ్.ఎం.బి. కాపీ, గ్రామసభ తీర్మానం వెంట తీసుకురండి. తీర్మానం కాపీలు రెండు తీయించి, ఒకటి మీ వాగు మీద పై ఊరి పంచాయతీకి, ఒకటి కింది ఊరి పంచాయతీకి పంపండి. ఫాల్గుణం దాకా ఎందుకు, వచ్చే గ్రామసభలోనే ఈ అంశాన్ని ఎజెండాలో పెట్టించమని ప్రతి సర్పంచిగారినీ, ప్రతి వార్డు సభ్యురాలినీ చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇట్లు,
కొల్లేరు లంకలో పుట్టిన మీ ఊళ్ల కింది ఊరివాడు